కొండగొర్రె, బంగారు బల్లి

బషీర్‌బాగ్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్. ఈ బస్తీల్లో తిరుపతి వెళ్ళిరాని ఇల్లు తక్కువ. కాచిగూడ స్టేషన్‌లో రాత్రి రైలెక్కితే పొద్దున తిరుపతి చేరతారు. కొందరు బస్సులో కొండెక్కుతారు. మొక్కు ఉన్నవాళ్ళు అలిపిరి దగ్గర చెప్పులు విడిచి నడుస్తారు. మెట్లు 3,550. దర్శనం అవుతుంది. లడ్డూ చేతికి వస్తుంది. మళ్ళీ రైలు.

ఆ కొండల పేరు శేషాచలం కొండలు. అక్కడ స్వామి ఉన్నాడని అందరికీ తెలుసు. కానీ ఆ కొండల్లో ఉన్నది గుడి ఒక్కటే కాదు. పెద్ద అడవి ఉంది. లోయలు ఉన్నాయి. నీటి ఊటలు ఉన్నాయి. ఆ అడవిలో ఎన్నో ప్రాణులు బతుకుతున్నాయి. వాటిలో రెండింటి గురించి ఈ పాఠం.

ఒకటి కొండగొర్రె. అది మేకంత ఉంటుంది. ఒకటి బంగారు బల్లి. అది జానెడు ఉంటుంది. రెండూ అరుదైనవే. రెండూ ఒకే కొండల్లో ఉంటాయి. అయినా వాటి బతుకు వేరు, వాటికి వచ్చే ఆపద వేరు. అందుకే ఒకదాన్ని కాపాడితే రెండోది కూడా బతుకుతుందని అనుకోవడానికి లేదు.

పేరు చూసి మోసపోవద్దు

కొండగొర్రె పేరులో గొర్రె ఉంది. కానీ అది గొర్రె కాదు. దాని ఒంటి మీద ఉన్ని ఉండదు. మేక కూడా కాదు. చూడటానికి జింకలాగ ఉంటుంది. దానికి ఇంకో పేరు నాలుగు కొమ్ముల జింక. హిందీలో చౌసింగా అంటారు. చౌ అంటే నాలుగు. సింగ్ అంటే కొమ్ము. హైదరాబాదులో ఉండేవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కర లేదు.

దీనికి దగ్గరి చుట్టం మనుబోతు. మనుబోతు అంటే నీల్‌గాయి. అది గుర్రమంత ఎత్తు ఉంటుంది. కొండగొర్రె మాత్రం భుజం దాకా రెండడుగులే. బరువు ఇరవై కిలోలకు అటూ ఇటూ. ఒంటి రంగు లేత గోధుమ రంగు, కొంచెం ఎరుపు. ఎండిన గడ్డిలో నిలబడితే పక్కన నడిచే మనిషికి కూడా కనిపించదు.

కొమ్ములు మగదానికే. చెవుల దగ్గర రెండు కొమ్ములుంటాయి. అవి మూడు నాలుగు అంగుళాలు. వాటికి ముందు, నుదుటి మీద ఇంకో రెండు చిన్న కొమ్ములుంటాయి. అవి ఒకటి రెండు అంగుళాలు. కొన్నిటికి అంత కూడా ఉండవు. బొడిపెల్లాగ మిగిలిపోతాయి. ప్రపంచంలో ఉన్న అడవి జంతువులలో నాలుగు కొమ్ములున్నది ఇదొక్కటే. ఇది మన దేశంలో, పక్కనున్న నేపాల్‌లో తప్ప ఎక్కడా లేదు.

చుక్కల దుప్పికి ప్రతి ఏడూ కొమ్ములు ఊడి మళ్ళీ మొలుస్తాయి. కొండగొర్రెకు అట్లా కాదు. ఆవు కొమ్ముల్లాగ, ఒకసారి వస్తే చచ్చేదాకా ఉంటాయి.

ఇక బంగారు బల్లి. దానిలో బంగారం లేదు. పెరిగిన మగ బల్లి మెరిసే పసుపు రంగులో ఉంటుంది. జత కట్టే రోజుల్లో ఆ రంగు బాగా తేలుతుంది. ఆడ బల్లులు, పిల్లలు బండ రంగులో ఉంటాయి. మన ఇంటి గోడ బల్లికన్నా ఇది పెద్దది. తోకతో కలిపి జానెడు. వేళ్ళ చివర వెడల్పుగా బిళ్ళలు ఉంటాయి. శాస్త్రవేత్తలు ఆ వేళ్ళు చూసే దీనికి పేరు పెట్టారు. కాలోడాక్టిలోడ్స్ ఆరియస్. అందమైన వేళ్ళున్న బంగారు వన్నెది అని దాని అర్థం. పలకడం కష్టమే. ఇది అందరూ నేర్చుకోవలసిన మాట కాదు. బంగారు బల్లి అన్నా చాలు.

బంగారు బల్లి అనగానే చాలామందికి కంచి గుర్తొస్తుంది. కంచి వరదరాజ స్వామి గుడిలో పైకప్పుకు బంగారు పూత బల్లి, వెండి పూత బల్లి ఉన్నాయి. మెట్లెక్కి వాటిని తాకి వస్తారు. తాకితే బల్లి పడిన దోషం పోతుందని నమ్మకం.

చిక్కడపల్లి నుంచి ఒక అత్తా కోడలూ తిరుపతి వచ్చారనుకోండి. దర్శనం అయ్యాక తలకోన జలపాతం చూడటానికి వెళ్ళారు. సాయంత్రం నీడ పడింది. కోడలు బండ సందులోకి చూసింది.

"అత్తమ్మా, అగో! ఆ బండ మీద పచ్చగ ఏందో పాకుతుంది."

"బల్లమ్మా. బంగారు బల్లి అంటరు."

"కంచిల తాకుతరే, అదా?"

"కంచిలది మనుషులు చేసింది బిడ్డా. దీనికి పానమున్నది. దీన్ని తాకొద్దు. దూరం నుంచే చూడు."

అత్త మాట నిజం. తాకబోతే అది సందులోకి జారిపోతుంది. గుడ్లున్న చోట చెయ్యి పెడితే గుడ్లు పగులుతాయి.

బల్లిలాగ ఉండీ బల్లి కానిది

ఇంకో దేశాల పుస్తకాల్లో సాలమాండర్ అనే ప్రాణి గురించి రాస్తారు. బొమ్మ చూస్తే బల్లే అనిపిస్తుంది. నాలుగు కాళ్ళు, పొడుగు తోక. కానీ అది కప్పకు చుట్టం. దాని ఒంటి మీద పొలుసులుండవు. చర్మం ఎప్పుడూ తడిగా ఉంటుంది. గుడ్లు నీళ్ళల్లో పెడుతుంది. పిల్లలు కొంతకాలం చేపల్లాగ మొప్పలతో నీటిలో పెరుగుతాయి. మన దేశంలో సాలమాండర్ డార్జిలింగ్ వైపు, ఈశాన్య కొండల్లో ఉంది. వానాకాలంలో అక్కడి చెరువుల్లో కనిపిస్తుంది. తెలుగు నేల మీద లేదు. అందుకే తెలుగులో దానికి పేరు కూడా లేదు.

అట్లాగే అసలైన కొండమేక కూడా మనకు లేదు. మేకల కుటుంబానికి చెందిన నీలగిరి కొండమేక తమిళనాడు, కేరళ కొండల్లో ఉంది. తమిళులు దాన్ని వరయాడు అంటారు. మన కొండల్లో ఆ చోటు కొండగొర్రెది.

బల్లికి, సాలమాండర్‌కు తేడా గుడ్డులో బాగా తెలుస్తుంది. సాలమాండర్ గుడ్డు మెత్తగా ఉంటుంది. నీళ్ళల్లో లేకపోతే ఎండిపోతుంది. బంగారు బల్లి గుడ్డుకు గట్టి పెంకు ఉంటుంది. అది నీళ్ళు లేని బండ మీద కూడా నిలుస్తుంది.

ఒంటి వేడి

మనిషికి జ్వరం లేనప్పుడు ఒంటి వేడి ఎప్పుడూ ఒకే తీరు. ఎండలో ఉన్నా, చలిలో ఉన్నా పెద్దగా మారదు. కొండగొర్రె కూడా అంతే. ఆ వేడి ఎక్కడిది? తిన్న తిండి నుంచి వస్తుంది. పొయ్యి ఆరకుండా ఉండాలంటే కట్టెలు వేస్తూ ఉండాలి కదా. అట్లాగే కొండగొర్రె రోజూ తింటూ ఉండాలి. ఆకులు, గడ్డి, రాలిన పూలు, కాయలు తింటుంది. తర్వాత నీడలో పడుకొని ఆవులాగ నెమరు వేస్తుంది.

బల్లికి సొంత పొయ్యి లేదు. బండ వేడెక్కితే బల్లి వేడెక్కుతుంది. బండ చల్లబడితే బల్లి చల్లబడుతుంది. ఒంట్లో వేడి పుట్టించే ఖర్చు లేదు కాబట్టి తిండి చాలా తక్కువ సరిపోతుంది. రాత్రి బయటికి వచ్చి పురుగులు, సాలీళ్ళు పట్టుకుంటుంది. కొన్ని రోజులు దొరకకపోయినా చావదు.

ఈ ఒక్క తేడా నుంచే చాలా తేడాలు వస్తాయి. కొండగొర్రెకు మేసే నేల కావాలి. అందుకే అది చాలా దూరం తిరగాలి. బల్లికి ఒక బండల గుట్ట చాలు. ఆ గుట్టలోనే తల్లి, పిల్ల, దాని పిల్ల బతికిపోతాయి. అంత తక్కువ చోటుతో బతకడం మంచిదే అనిపిస్తుంది. కానీ ఆ కాస్త చోటు పోతే ఏమవుతుంది? ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

తల్లులు

వానలు మొదలయ్యే రోజుల్లో కొండగొర్రెలు జత కడతాయి. మిగతా ఏడాదంతా చాలావరకు ఒంటరిగానే తిరుగుతాయి. లేదా రెండే కలిసి ఉంటాయి. చుక్కల దుప్పుల్లాగ మంద కట్టవు. ఆడది సుమారు ఎనిమిది నెలలు కడుపు మోస్తుంది. మనిషికి తొమ్మిది నెలలు. ఇరవై కిలోల జంతువుకు ఎనిమిది నెలలంటే చిన్న మాట కాదు. మన ఇంటి మేక ఐదు నెలలకే ఈనుతుంది.

చలికాలం వైపు ఒక కూన పుడుతుంది. ఒక్కోసారి రెండు. పుట్టినప్పుడు కిలో బరువు ఉంటుంది. తల్లి దాన్ని వెంట తిప్పుకోదు. పొదలో, గడ్డిలో దాచిపెట్టి మేతకు వెళుతుంది. కూన కదలకుండా పడుకుంటుంది. తల్లి వచ్చి పాలిచ్చి మళ్ళీ వెళుతుంది. కూలికి వెళ్ళే తల్లి బిడ్డను ఊయలలో వేసి వెళ్ళినట్టే. ఇక్కడ ఊయల పక్కన చూసే ముసలమ్మ మాత్రం లేదు. అడవిలో కూన ఒంటరిగా కనిపిస్తే తప్పిపోయిందని కొందరు జాలిపడి ఇంటికి తెస్తారు. అది తప్పిపోయింది కాదు. తల్లి దాచింది. తీసుకురావడమే దాని చావు.

కూన సుమారు ఏడాది తల్లి దగ్గర ఉంటుంది. అంటే ఒక తల్లి ఏడాదికి ఒకటి రెండు కూనలనే పెంచగలదు. వాటిలో కొన్నిటిని చిరుత తింటుంది, కొన్నిటిని రేచుకుక్కలు తింటాయి. అది అడవి లెక్క. ఆ లెక్కకు తోడు మనిషి ఉచ్చు కూడా వస్తే లెక్క తప్పుతుంది.

బంగారు బల్లి తల్లి తీరు ఇంకో విధం. అది పాలివ్వదు. పిల్లను పెంచదు. కానీ చోటు ఎంచుకోవడంలో మహా జాగ్రత్త. ఎండ తగలని, వాన కొట్టని బండ సందు వెతుకుతుంది. మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది. పెట్టేటప్పుడు గుడ్డు జిగటగా ఉంటుంది. బండకు అతుక్కుంటుంది. కాసేపటికి పెంకు గట్టిపడుతుంది. ఇక గుడ్డు దొర్లిపోదు. బండకు తలకిందులుగా అతికినా అట్లాగే నిలుస్తుంది.

ఇందులో విచిత్రం ఒకటుంది. ఒక తల్లి పెట్టిన చోటే ఇంకో తల్లి కూడా పెడుతుంది. ఆ పక్కన మరొకటి. ఒకే బండ కింద ఎన్నో తల్లుల గుడ్లు పక్కపక్కనే ఉంటాయి. పిల్లలు వెళ్ళిపోయాక పెంకుల తెల్లని మచ్చలు బండకే మిగులుతాయి. వచ్చే ఏడు మళ్ళీ అక్కడికే వస్తాయి. ఆ మచ్చలు చూస్తే ఆ బండ ఎన్ని ఏళ్ళ నుంచి పురుటి గదిగా ఉందో తెలుస్తుంది.

అడవిలో బండలకు కొదవ లేదు. మరి అన్నీ ఒక్క చోటికే ఎందుకు వస్తాయి? అన్ని బండలూ పనికిరావు. సందు సరైన వెడల్పు ఉండాలి. నీడ ఉండాలి. కొంచెం చెమ్మ ఉండాలి. అట్లాంటి చోట్లు తక్కువ.

నీళ్ళు

కొండగొర్రె నీళ్ళు లేకుండా ఉండలేదు. కొన్ని అడవి జంతువులు ఆకుల్లోని తడితో రోజులు నెట్టుకొస్తాయి. ఇది అట్లా కాదు. రోజూ తాగాలి. కాబట్టి వాగుకు, ఊటకు దూరంగా పోదు. ఎండాకాలంలో ఊటలు ఒక్కొక్కటే ఎండిపోతాయి. అప్పుడు మిగిలిన నీటి దగ్గరికే అన్ని జంతువులూ వస్తాయి. చిరుత కూడా అక్కడికే వస్తుంది. వేటగాడు కూడా అక్కడే కాపు కాస్తాడు.

కొండగొర్రెకు ఒక అలవాటు ఉంది. రోజూ ఒకే చోట పెంటికలు వేస్తుంది. అక్కడ చిన్న కుప్ప అవుతుంది. జంతువు కంటికి కనిపించకపోయినా ఆ కుప్ప చూసి అటవీ శాఖవాళ్ళు ఇక్కడ కొండగొర్రె ఉందని గుర్తుపడతారు. ఉచ్చు పన్నేవాడు కూడా అట్లాగే గుర్తుపడతాడు.

బంగారు బల్లి నీటి దగ్గరే ఉంటుంది, కానీ నీళ్ళ కోసం దిగి రాదు. జలపాతం పక్కన, వాగు ఒడ్డున ఉన్న బండల్లో ఉంటుంది. అక్కడ చల్లగా ఉంటుంది. పురుగులు ఎక్కువ ఉంటాయి. తలకోన అట్లాంటి చోటే. అది తిరుపతికి సుమారు 50 కిలోమీటర్ల దూరం. అక్కడ నీళ్ళు 270 అడుగుల ఎత్తు నుంచి పడతాయి. తలకోన శ్రీ వెంకటేశ్వర జాతీయ వనంలో ఉంది. ఆ వనం 1989లో ఏర్పడింది. అక్కడ వేట లేదు, కట్టె కొట్టడం లేదు, పశువులను మేపడం లేదు. 2010లో ప్రభుత్వం శేషాచలం కొండలను జీవావరణ ప్రాంతంగా ప్రకటించింది. జీవావరణం అంటే చెట్టు, జంతువు, పురుగు, నీరు, మనిషి అన్నీ కలిసి బతికే చోటు.

కాబట్టి ఈ రెండు ప్రాణులకూ పొత్తు ఉన్నది నీటి ఊట దగ్గరే. ఊట ఎండితే కొండగొర్రె ఇంకో చోటు వెతుక్కుంటూ పోతుంది. దారిలో ఊరకుక్కలు తరుముతాయి. బల్లి మాత్రం ఎక్కడికీ పోలేదు.

నూరేళ్ళు కనిపించని బల్లి

1870లో బెడ్డోమ్ అనే ఇంగ్లీషు దొర ఈ బల్లి గురించి మొదటిసారి రాశాడు. ఆయన మద్రాసు రాష్ట్రంలో అడవుల అధికారి. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా ఏ శాస్త్రవేత్తా దీన్ని చూశానని రాయలేదు. ఈ జాతి అంతరించిపోయిందేమో అనుకున్నారు. అంతరించడం అంటే ఒక్కటి కూడా మిగలకపోవడం.

తర్వాత బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల్లో మళ్ళీ దీన్ని కనుగొన్నారు. 1986లో ఆ సంగతి అచ్చయింది. అదే ఏడు, అదే సంఘంవాళ్ళు కడప జిల్లాలో కలివికోడిని కూడా మళ్ళీ కనుగొన్నారు. కలివికోడి పొదల్లో రాత్రి తిరిగే పిట్ట. 1900 తర్వాత ఎవరూ చూడలేదని పుస్తకాల్లో ఉంది. దాన్ని పట్టి చూపించింది ఆ ఊరి వేటగాడు. పిట్టలు పట్టేవాళ్ళకు అది తెలుసు. పుస్తకాలు రాసేవాళ్ళకే తెలియదు.

బల్లి సంగతి కూడా కొంత అంతే. నూరేళ్ళ పాటు యాత్రికులు ఆ కొండలెక్కుతూనే ఉన్నారు. బల్లి ఆ కొండల్లోనే ఉంది. రాత్రి తిరిగేది, పగలు సందులో ఉండేది. ఎవరికి కనిపిస్తుంది? కనిపించినా బల్లే కదా అని పోయారు. తర్వాత వెతికితే తూర్పు కనుమల్లో ఇంకా కొన్ని చోట్ల కనిపించింది. శ్రీలంకలో దీని చెల్లెలి వంటి జాతి ఒకటి ఉంది. అది కూడా బండల్లోనే ఉంటుంది.

కొండగొర్రె కథ ఇందుకు తిరగబడి ఉంది. దాన్ని ఎవరూ మరిచిపోలేదు. అందరికీ తెలుసు. తెలిసే తగ్గిపోయింది. మాంసం కోసం, నాలుగు కొమ్ముల తల కోసం వేటాడారు. ఒకప్పుడు దొరలు, జమీందార్లు ఆ తలలను గోడలకు తగిలించుకున్నారు. అడవి నరికి పొలాలు చేశారు. ఇప్పుడు అడవుల్లో పెరిగిన కొండగొర్రెలు 10,000 లోపే ఉంటాయని అంచనా. హైదరాబాదు నగరంలో ఒక్క బస్తీలో ఉండే జనం అంతకన్నా ఎక్కువే.

ఆపద ఎక్కడి నుంచి

2014 మార్చి నెలలో తిరుమల కొండల్లో పెద్ద అగ్గి పుట్టింది. రోజుల తరబడి మండింది. ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఎండాకాలం అడవిలో ఆకు రాలి నేలంతా పరుచుకుంటుంది. ఒక బీడీ ముక్క, వంట చేసి ఆర్పకుండా వదిలిన పొయ్యి చాలు.

అట్లాంటి మంట వస్తే కొండగొర్రె పరుగెత్తగలదు. పరుగెత్తే వయసు రాని కూన కదలదు. తల్లి కదలొద్దని నేర్పింది కదా. తప్పించుకున్న తల్లికి కూడా తర్వాత కష్టమే. గడ్డి కాలిపోయింది. దాక్కునే పొద లేదు. వానలు పడేదాకా ఏం తినాలి?

బల్లి బండ లోపలికి దూరితే మంట దాని మీదుగా దాటిపోవచ్చు. మంటను తట్టుకునే బల్లి సుత్తిని తట్టుకోలేదు. రోడ్డు వెడల్పు చేయడానికి, కట్టడం కట్టడానికి బండ పగలగొడితే దాని ఇల్లు పోతుంది. ఇల్లుతో పాటు ఎన్నో తల్లుల గుడ్లు ఒక్కసారే పోతాయి. ఆ బండలు కోట్ల ఏళ్ళ నాటివి. చెట్టు నరికితే ఇంకో మొక్క నాటవచ్చు. బండను నాటడం ఎవరి వల్లా కాదు.

హైదరాబాదు వాళ్ళకు ఈ మాట బాగా అర్థం కావాలి. ఈ నగరమంతా బండల మీదే లేచింది. బషీర్‌బాగ్ పక్కనే నౌబత్ పహాడ్ ఉంది. దాని మీదే 1976లో బిర్లా మందిరం తెరిచారు. బంజారాహిల్స్, జూబిలీహిల్స్‌లో ఒకప్పుడు ఎటు చూసినా గుండ్లే. ఒక దాని మీద ఒకటి పేర్చినట్టు ఉండేవి. ఇళ్ళ కోసం చాలావరకు పేల్చేశారు. మిగిలినవైనా ఉండనివ్వండని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంఘం పుట్టింది. బండ అంటే ఉత్త రాయి కదా, దానికెందుకు సంఘం అని నవ్వినవాళ్ళున్నారు. ఆ ఉత్త రాయి సందుల్లో బల్లులు, తొండలు, పాములు, పిట్టలు కాపురం చేస్తాయి. రాయి పేలిస్తే వాటన్నిటి ఇల్లు పేలినట్టే.

జంతువులను తిరిగి పెంచే పని కూడా జరుగుతున్నది. హైదరాబాదులో అత్తాపూర్ దగ్గర ఒక ప్రయోగశాల ఉంది. అంతరించిపోయే జంతువుల కోసమే పెట్టారు. ఆ ప్రయోగశాల, నెహ్రూ జంతు ప్రదర్శనశాల, అటవీ శాఖ కలిసి మూషిక జింకలను పెంచాయి. అది కుందేలంత ఉండే చిట్టి జింక. 2017లో కొన్నిటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. మంచి పనే. రేపు కొండగొర్రెకు కూడా అట్లా చేయవచ్చు. కానీ పెంచి వదలాలంటే వదలడానికి అడవి ఉండాలి, తాగడానికి నీళ్ళుండాలి. బంగారు బల్లికి పంజరం కట్టి గుడ్లు పెట్టించడం కన్నా దాని బండ జోలికి పోకుండా ఉండటం సులువు, ఖర్చు లేని పని.

1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద కొండగొర్రెను గానీ, బంగారు బల్లిని గానీ పట్టడం, చంపడం, అమ్మడం నేరం. జైలు శిక్ష పడుతుంది. చట్టం చేతిని ఆపుతుంది. బండ మీద పడే సుత్తిని ఆపాలంటే ఆ బండలో ఏముందో పని చేయించే ఇంజనీరుకు, పని చేసే కూలీకి ముందు తెలిసి ఉండాలి.

ఇంటి బల్లి

బంగారు బల్లిని చూడటం అందరికీ కుదరదు. దాని చుట్టం మాత్రం ప్రతి ఇంట్లో ఉంది. గోడ బల్లి. దానికి కూడా వేళ్ళ కింద కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది. ఆ నూగుతోనే గోడను పట్టుకుంటుంది. జిగురు ఉండదు. అందుకే గోడ మీద మరక పడదు.

బల్లి కరిస్తే విషం అని భయపడతారు. మన ఇళ్ళలో తిరిగే బల్లికి విషం లేదు. అయితే దాని ఒంటి మీద, రెట్టలో సూక్ష్మక్రిములు ఉంటాయి. అన్నంలో, పాలలో బల్లి పడితే ఆ క్రిముల వల్ల వాంతులు, విరేచనాలు రావచ్చు. కాబట్టి ఆ అన్నం పారబోయవలసిందే. పాత్రల మీద మూత పెడితే ఆ బాధే ఉండదు. అంతేగాని చీపురు తీసుకొని కొట్టనక్కర లేదు. దోమలను, చిమ్మెటలను, బొద్దింక పిల్లలను తినేది అదే. నెత్తిన పడితే ఒక ఫలం, భుజాన పడితే ఒక ఫలం అని పంచాంగంలో రాస్తారు. బల్లి మాత్రం పట్టు తప్పి పడుతుంది, అంతే. దానికి మన ఫలం తెలియదు.

చూసి రాయండి

ఈ రాత్రి దీపం దగ్గర గోడను ఒక పావుగంట చూడండి. ఎన్ని బల్లులు వచ్చాయి? ఏ సందులో నుంచి వచ్చాయి? ఎన్ని పురుగులు పట్టాయి? పలకలో గానీ, నోటు పుస్తకంలో గానీ రాసుకోండి. కిటికీ అద్దం మీద బల్లి పాకితే అవతలి వైపు నుంచి దాని పొట్ట చూడండి. కొన్నిటి పొట్టలో చర్మం కింద రెండు తెల్లని గుండ్రాలు కనిపిస్తాయి. అవి గుడ్లు. అటువంటి బల్లి కనిపిస్తే ఆ రోజు తేదీ రాసిపెట్టండి. కొన్నాళ్ళకు అలమారా వెనకో, తలుపు సందులోనో చిన్న గుడ్లు దొరికితే ఆ తేదీ కూడా కింద రాయండి.